మన ఓటు క్యాంపుకు పోకముందే

పరిషత్ ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రంలో మన చేతికి రెండు కాగితాలిస్తారు. గులాబీ రంగుది ఎంపీటీసీకి, తెల్లది జడ్పీటీసీకి. ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేసి వస్తాం. మండలాధ్యక్షుడిగా ఎవరు కూర్చోబోతున్నారో, జిల్లా పరిషత్ చైర్మన్ ఎవరో ఆ రెండు కాగితాల్లో దేనిమీదా ఉండదు. ఆ తీర్పు మన తరఫున ఇంకొకరు ఇస్తారు. ఆ ఒకరు ఎవరి బస్సెక్కి, ఎక్కడ పడుకుని, ఎవరి మాట విని వచ్చి చెయ్యెత్తుతారో మనకు తెలియదు.

2021 సెప్టెంబరులో కొలువుదీరిన మండల, జిల్లా పరిషత్తుల ఐదేళ్ల గడువు 2026 సెప్టెంబరుతో తీరుతుంది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల ఓటర్లకు ఈ హెచ్చరిక అందుకే. పోలింగ్ నాడు జాగ్రత్తగా ఉంటే చాలనుకోవద్దు. ఈ ఎన్నికలో దొంగతనం జరిగేది పోలింగుకు ముందు నామినేషన్ల వారంలో, లేదంటే కౌంటింగ్ అయ్యాక అధ్యక్ష ఎన్నిక దాకా ఉండే కొద్ది రోజుల్లో. ఆ రెండు చోట్లా మన కాపలా ఉండదు.

మొదట లెక్క చూద్దాం. ఒక ఎంపీటీసీ స్థానమంటే సుమారు మూడు నాలుగు వేల జనాభా. మండలంలో 13 స్థానాలున్నాయనుకోండి, అధ్యక్షుడు కావడానికి 7 చేతులు కావాలి. ఒక పక్షానికి 7, మరో పక్షానికి 6 వచ్చాయంటే, ఒక్క మనిషి అటు జరిగితే మండలం మొత్తం తీర్పు తారుమారవుతుంది. నలభై యాభై వేల మంది జనం ఎండలో నిలబడి చెప్పిన మాటను మార్చడానికి వాళ్లందరినీ కొనక్కర్లేదు, బెదిరించక్కర్లేదు. ఒక్కరు చాలు. పరోక్ష ఎన్నికలోని అన్యాయమంతా ఈ ఒక్కరి దగ్గరే పుడుతుంది. నేరుగా జరిగే ఎన్నికలో డబ్బు పంచేవాడు ఊరంతా తిరగాలి, అయినా ఎవరు ఎటు వేశారో తెలియదు. ఇక్కడ తిరగాల్సిన ఇల్లు ఒకటే. పైగా ఓటు చేతులెత్తే పద్ధతిలో కాబట్టి సరుకు అందిందో లేదో కళ్లారా చూసుకోవచ్చు.

కర్నూలు జిల్లా పరిషత్తులో 2014లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఓట్లు పడ్డాయి. మే 13న లెక్కించారు. సగానికి మించిన జడ్పీటీసీ స్థానాలు వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. చైర్మన్ ఎన్నిక జరిగింది జూలై 5న. చైర్మన్ పదవి తెలుగుదేశానికి దక్కింది. ఫలితం వచ్చిన రోజుకూ, చేతులెత్తిన రోజుకూ మధ్య ఏడు వారాలు. ఆలూరు, పత్తికొండ, కోసిగి వైపు ఓటరు ఇచ్చిన తీర్పు ఆ ఏడు వారాల్లో కరిగిపోయింది. ఏ పార్టీ లాభపడింది, ఏ పార్టీ నష్టపోయింది అనేది నాకు ముఖ్యం కాదు. ఓటరు పెట్టెలో వేసిందొకటి, హాల్లో లేచిన చేతుల లెక్క ఇంకొకటి. ఆ తేడాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

మూడేళ్ల తర్వాత, 2017 మార్చిలో, స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చింది. అదీ పరోక్ష ఎన్నికే. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు, కార్పొరేటర్లు మాత్రమే ఓటర్లు. కడపలో మొత్తం ఓటర్లు ఎనిమిది వందల పైచిలుకు. 2014లో ఆ జిల్లాలో స్థానిక సంస్థల్లో పైచేయి వైఎస్సార్ కాంగ్రెస్‌దే. అయినా ఆ పార్టీ అభ్యర్థి వైఎస్ వివేకానందరెడ్డి, తెలుగుదేశం అభ్యర్థి బీటెక్ రవి చేతిలో నలభై లోపు ఓట్ల తేడాతో ఓడారు. కర్నూలులోనూ తెలుగుదేశం అభ్యర్థి శిల్పా చక్రపాణిరెడ్డే గెలిచారు. ఎన్నికకు ముందు రోజుల్లో సభ్యులను దాచే క్యాంపులకు రెండు జిల్లాల నుంచీ బస్సులు ఎటెటు పోయాయో ఊళ్లలో అందరికీ తెలుసు. ప్రజాప్రతినిధులు ప్రజలకు కనిపించకుండా పోవడమే ఎన్నికల ప్రచారమైన రోజులవి.

తర్వాత పాలకపక్షం మారింది, పద్ధతి మారలేదు. ఈసారి క్యాంపుల దాకా కూడా రానివ్వలేదు. 2020 మార్చిలో నామినేషన్ల ఘట్టంలోనే రాష్ట్రంలో 126 జడ్పీటీసీ, 2,371 ఎంపీటీసీ స్థానాలు ఏకగ్రీవమయ్యాయి. కడప జిల్లాలో 50 జడ్పీటీసీలుంటే సగానికి పైగా చోట్ల పోలింగే లేదు. ఆ మాటను ఇంకోసారి చదవండి. చైర్మన్ కావడానికి సగం కంటే ఒకటి ఎక్కువ ఉంటే చాలు. ఆ మెజారిటీ ఒక్క ఓటు కూడా పడకముందే తయారైపోయింది. 2021 ఏప్రిల్‌లో మిగతా స్థానాలకు క్యూలో నిలబడి ఓటేసిన కడప జిల్లా ఓటరు చైర్మన్ ఎంపికలో ఏ పాత్రా లేనివాడయ్యాడు. కొన్ని చోట్ల నామినేషన్ కేంద్రం దాకా రానివ్వలేదన్న ఫిర్యాదులు అప్పుడు వచ్చాయి. ఏకగ్రీవమంటే ఊరు కలిసికట్టుగా ఉందనుకునే అమాయకత్వం ఇకనైనా వదులుకోవాలి. ఊరంతా అరుగు మీద కూర్చుని మాట్లాడుకుని ఒకరిని నిలబెడితే అది వేరు. రెండో అభ్యర్థి భార్య మెడలో తాళి పట్టుకుని ఏడ్చి, నామినేషన్ వెనక్కి తీయించుకున్న చోట ఏకగ్రీవం అనే మాటే వాడకూడదు.

అదే ఏడాది మైదుకూరు చూడండి. 2021 మార్చి 14న మునిసిపల్ ఓట్లు లెక్కించారు. 24 వార్డుల్లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11, జనసేనకు 1. పట్టణం ప్రజలు ఎక్కువ వార్డులు ఇచ్చిన పార్టీ ఒకటి. మార్చి 18న చైర్మన్ కుర్చీ దక్కింది మరో పార్టీకి. ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్ అఫీషియో సభ్యులుగా వచ్చి ఓటేశారు, అటువైపు సభ్యుల్లో గైర్హాజరు జరిగింది, లెక్క సరిపోయింది. చట్టప్రకారం అది తప్పు కాదు. చట్టమే అలా ఉంది. ఎమ్మెల్యేను ఎన్నుకున్నది పల్లెలూ పట్నాలూ కలిసిన నియోజకవర్గం, ఎంపీని ఎన్నుకున్నది ఏడు నియోజకవర్గాలు. వాళ్ల చేతులు మైదుకూరు వార్డు సభ్యుడి చేతితో సమానంగా లేస్తే, ఆ వార్డులో పడిన ఓటు బరువు ఎంత తగ్గిందో చెప్పడానికి గణితం అక్కర్లేదు.

దేశంలో అతిపెద్ద పరోక్ష ఎన్నిక రాష్ట్రపతిది. దాని పక్కన పెట్టి చూస్తే మన మండలంలో లోపమేమిటో తేటతెల్లమవుతుంది. రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే ఓటుకు జనాభాను బట్టి విలువ కడతారు. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208. ఉమ్మడి కర్నూలులో 14 మంది, కడపలో 10 మంది, కలిపి 24 మంది ఎమ్మెల్యేల ఓట్ల విలువ 3,816. యాభై ఏళ్ల నాటి జనాభా లెక్క వాడటం మీద వేరే వాదన ఉంది, అది వేరే రోజు మాట్లాడుకోవలసిన సంగతి. కానీ ఎవరి వెనక ఎంత జనం ఉన్నారో చూడాలన్న బుద్ధి అక్కడ ఉంది. ఓటు రహస్యంగా వేస్తారు, పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. ఆ స్వేచ్ఛ రుచి ఏమిటో మన సీమ నాయకుడికే మొదట తెలిసింది. 1969లో నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా చేసి బరిలో దిగారు. అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమని ప్రధాని ఇందిరాగాంధీ అన్నారు. వి.వి.గిరి గెలిచారు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ ఓడింది ఒక్క నంద్యాలలోనే. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన సంజీవరెడ్డి అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆ రెండు రాష్ట్రపతి ఎన్నికలూ పరోక్షమే. ఎన్నుకునేవారు వేల సంఖ్యలో, దేశమంతా చెదిరి ఉండటం వల్ల వాళ్లను ఒక బస్సులో ఎక్కించడం ఎవరికీ సాధ్యం కాలేదు. మండలంలో 13 మందిని ఎక్కించడానికి ఒక టెంపో చాలు.

మన పొరుగున పాకిస్తాన్‌లో ఇదే పద్ధతి అధ్యక్ష పదవికే పెట్టారు. అయూబ్ ఖాన్ హయాంలో ఊళ్లలో, పేటల్లో ఎన్నికైన 80 వేల మంది స్థానిక సభ్యులే దేశాధ్యక్షుణ్ని ఎన్నుకోవాలి. 1965 జనవరి 2న అయూబ్ మీద జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా పోటీ చేశారు. ఆమె సభలకు జనం పోటెత్తారు. గెలిచింది అయూబ్. ఆ ఎనభై వేల మందీ ఉద్యోగుల చేతుల్లో, కలెక్టర్ల కనుసన్నల్లో బతకాల్సినవాళ్లు. వాళ్లను ఒప్పించడం సర్కారుకు కష్టమేం కాలేదు. స్థానిక సభ్యుడి భయం, ఆశ ఎక్కడైనా ఒకటే.

మన రాష్ట్రం ఒకసారి ఈ తప్పు దిద్దుకుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చి సమితుల స్థానంలో మండలాలు పెట్టినప్పుడు, 1987లో మండలాధ్యక్షుడినీ జిల్లా ప్రజా పరిషత్ చైర్మన్‌నూ ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఆ తరంలో మండలాధ్యక్షుడు ఊరికొస్తే ముసలామె కూడా ‘నీకే ఏసినాం కదప్పా, బోరు ఎప్పుడేపిస్తావు’ అని నిలదీసేది. అధ్యక్షుడు ఆమెకు జవాబు చెప్పకతప్పేది కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. మండల, జిల్లా స్థాయిలో అధ్యక్షుణ్ని ఎన్నికైన సభ్యులే తమలోంచి ఎన్నుకోవాలని రాజ్యాంగమే చెప్పింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 నుంచి మనం ఈ చేతులెత్తే ఆటలో ఉన్నాం. గ్రామ సర్పంచి విషయంలో, మునిసిపల్ చైర్మన్ విషయంలో మాత్రం నిర్ణయం రాష్ట్రాలకు వదిలారు. సర్పంచిని మనం ఇప్పటికీ నేరుగానే ఎన్నుకుంటున్నాం. మునిసిపల్ చైర్మన్లను కూడా ఈ రాష్ట్రంలో ప్రజలు నేరుగా ఎన్నుకున్న కాలం ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పటికీ మేయర్లను ఓటర్లే ఎన్నుకుంటున్నారు. అంటే మైదుకూరు, జమ్మలమడుగు, ఆదోని, డోన్ ప్రజలకు వాళ్ల చైర్మన్‌ను వాళ్లే ఎన్నుకునే హక్కు ఇవ్వడానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు, అమరావతి శాసనసభలో ఒక బిల్లు చాలు. ఆ బిల్లు ఏ ప్రభుత్వమూ తేవట్లేదు. పట్టణాన్ని ఎమ్మెల్యే గుప్పిట్లోంచి జారనివ్వడం ఎవరికీ ఇష్టం లేదు.

ఎన్నిక రోజు మండల పరిషత్ కార్యాలయం దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఇదంతా చెప్పక్కర్లేదు. గేటుకు రెండు వందల మీటర్ల దూరంలో తాళ్లు, బారికేడ్లు. అటువైపు ఓటేసిన జనం, ఇటువైపు పోలీసులు. పొద్దున కోఆప్షన్ సభ్యుడి తంతు. మధ్యాహ్నం అధ్యక్షుడి ఎన్నిక. బెంగళూరు వైపు నుంచో, గోవా నుంచో వచ్చిన బస్సు నేరుగా గేటు దగ్గర ఆగుతుంది. సభ్యులు వరుసగా దిగుతారు, తలలు వంచుకుని, పలకరించినా తిరిగి చూడకుండా. నెగ్గిన నాడు ఇచ్చిన ధ్రువీకరణ పత్రం ఎప్పుడో నాయకుడి బీరువాలో చేరి ఉంటుంది, ఫోను క్యాంపులో ఇచ్చేసి ఉంటారు. లోపల అయిదు పది నిమిషాల్లో చేతులు లేస్తాయి, దండలు పడతాయి. మధ్యలో ఎవరింటి నుంచో ‘మా ఆయన కనిపించట్లేదు’ అని స్టేషన్‌లో ఫిర్యాదు, సాయంత్రానికి ఆ మనిషి నుంచి ఒక వీడియో: నేను క్షేమంగానే ఉన్నాను, నా ఇష్టంతోనే వచ్చాను. ఆ వీడియోలో గొంతు ఎవరిదైనా, వెనక నిలబడ్డవాళ్లు మనకు కనిపించరు.

రిజర్వుడు స్థానాల్లో ఇంకో ప్రమాదం పొంచి ఉంది, దీన్ని ఎవరూ సరిగా పట్టించుకోవట్లేదు. అధ్యక్ష పదవి ఎస్సీ మహిళకు కేటాయించారనుకోండి. ఆ మండలంలో గెలిచిన ఎస్సీ మహిళా ఎంపీటీసీ ఒక్కరే ఉంటే, ఆమె ఏ పార్టీలో ఉంటే పదవి ఆ పార్టీదే. మెజారిటీ ఎంతున్నా ఉపయోగం లేదు. అప్పుడు రెండు పక్షాల కళ్లూ ఆ ఒక్క ఆడమనిషి మీదే పడతాయి. కూలికి పోయి, మొదటిసారి గెలిచి, ఊరు దాటి ఎరుగని మనిషి ఆ వారం రోజులు ఎవరి కారులో ఎక్కుతుందో, ఆమె మీద ఏ ఒత్తిడి వస్తుందో ఆలోచించండి. దళితులకు, మహిళలకు అధికారం ఇవ్వడానికి తెచ్చిన రిజర్వేషన్ ఆమెను ఎత్తుకుపోవడానికి కారణం కాకూడదు. అలాంటి మండలాలను ఎన్నికల సంఘం ముందే గుర్తించి, ఆ సభ్యురాలికి ఫలితం వెలువడిన గంట నుంచే భద్రత ఇవ్వాలి. ఆ భద్రత మహిళా పోలీసుల చేతిలో, ఆమె ఇంట్లోనే ఉండాలి.

ఫ్యాక్షన్ పేరు చెప్పి రాయలసీమను చులకన చేసేవాళ్లకు ఈ వ్యాసం ఆయుధం కాకూడదని నా కోరిక. క్యాంపులు గోదావరి జిల్లాల్లో ఉన్నాయి, తెలంగాణలో ఉన్నాయి. 2014లో నెల్లూరు జడ్పీ చైర్మన్‌ను లాటరీ తీసి తేల్చారు. కానీ ఇక్కడ నష్టం ఎక్కువ. ఎండాకాలం వస్తే దేవనకొండ, ఆస్పరి వైపు ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే ఊళ్లున్నాయి. కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఇళ్లకు తాళాలేసి పిల్లాపాపలతో గుంటూరు మిరపతోటలకు సుగ్గికి పోయే కుటుంబాలున్నాయి. ఆ ట్యాంకరు ఎన్ని ట్రిప్పులు తిరిగిందో, తిరగని ట్రిప్పుకు బిల్లు ఎందుకు పెట్టారో, సుగ్గికి పోయినవాళ్ల పిల్లలకు హాస్టల్ ఎందుకు తెరవలేదో అడగాల్సిన వేదిక మండల సర్వసభ్య సమావేశం. లక్షలు పోసి కుర్చీ ఎక్కిన అధ్యక్షుడు ఆ ప్రశ్న అడగడు, పెట్టిన పెట్టుబడి ఏ పనిలోంచి రాబట్టాలో చూసుకుంటాడు. తడి లేని నేలలో పంచాయతీ వ్యవస్థ చెడిపోతే దెబ్బ నేరుగా గొంతుకు తగులుతుంది.

చేతులెత్తే పద్ధతి తీసేసి రహస్య ఓటు పెట్టాలనే మాట తరచూ వినిపిస్తుంది. నేను దానితో ఏకీభవించను. రాష్ట్రపతిని ఎన్నుకునే ఎమ్మెల్యేకు అది సరిపోవచ్చు. ఊరి తరఫున వెళ్లిన ఎంపీటీసీ ఎటు చెయ్యెత్తాడో ఊరికి తెలిసి తీరాలి. రహస్యం పెడితే అమ్మకం ఇంకా తేలికవుతుంది. దిద్దాల్సింది వేరే చోట ఉంది. ఇప్పుడు విప్ ధిక్కరించిన సభ్యుడి సభ్యత్వం పోతుంది గానీ ఆ రోజు వేసిన ఓటు చెల్లుతుంది. ఆ ఓటుతో ఎక్కినవాడు కుర్చీలోనే ఉంటాడు, అనర్హత వ్యవహారం నోటీసుల్లో, కోర్టుల్లో ఏళ్లు నడుస్తుంది. అనర్హత తేల్చడానికి గట్టి గడువు చట్టంలో ఉండాలి, ఆ గడువులో అనర్హత ఖాయమైతే అధ్యక్ష ఎన్నిక మళ్లీ జరపాలి. అప్పుడు కొన్నవాడికి సరుకు నిలవదు. ఫలితానికీ చేతులెత్తే రోజుకూ మధ్య ఎడం కుదించాలి. 2021లో సెప్టెంబరు 19న ఫలితాలు వస్తే 24న మండలాధ్యక్షుల, 25న జడ్పీ చైర్మన్ల ఎన్నికలు జరిగాయి. 2014లో ఏడు వారాలు పట్టింది, ఇప్పుడు అయిదారు రోజులు కూడా ఎక్కువే. లెక్కింపు పూర్తయిన మూడో రోజున అధ్యక్షుణ్ని ఎన్నుకోవడం ఎన్నికల సంఘానికి చేతకాని పనేమీ కాదు. హాలులో ప్రతి క్షణం వీడియో తీసి, తాళ్ల అవతల నిలబడ్డ జనానికి అప్పటికప్పుడే చూపించాలి.

ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి. చేస్తాయని నమ్మి కూర్చుంటే ఈ ఎన్నిక కూడా పోతుంది. ఓటరు చేతిలో ఉన్నది నామినేషన్ల రోజు నుంచి ఉపసంహరణ గడువు దాకా ఉండే కొన్ని రోజులు. అభ్యర్థి ఇంటికొచ్చినప్పుడు రోడ్డు, బోరు తర్వాత అడగండి. ముందు ఇది అడగండి: ‘అన్నా, గెలిస్తే రేపు చెయ్యి ఎవరికి ఎత్తుతావప్పా? క్యాంపుకు పోతావా, ఊర్లో ఉంటావా?’ పదిమంది మధ్యలో అడగండి, జవాబు ఫోనులో రికార్డు చేసుకోండి. పార్టీలను అడగండి, మండలాధ్యక్ష అభ్యర్థిని పోలింగుకు ముందే ప్రకటించమని. ఎన్నికలు పార్టీ గుర్తుల మీదే జరుగుతున్నప్పుడు పేరు దాచుకోవలసిన అవసరం ఏముంది? నామినేషన్ వేయడానికి వెళ్తున్న మనిషిని ఎవరైనా అడ్డగిస్తే ఆ సాయంత్రం గుసగుసలాడుకుని ఊరుకోవద్దు. అక్కడికక్కడే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, అదే కాగితం జిల్లా కలెక్టరుకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపండి. గెలిచిన సభ్యుడు ఊర్లో కనిపించకపోతే కుటుంబం ఒక్కటే ఫిర్యాదు చేయక్కర్లేదు. ఓటేసిన వీధి వీధంతా వెళ్లి స్టేషన్లో సంతకాలు పెట్టి రావచ్చు. ధ్రువీకరణ పత్రం ఇవ్వమని ఏ నాయకుడు అడిగినా గెలిచినవాళ్లు ఇవ్వకూడదు. అది మీ పేరు మీద ఉన్నా, మీకిచ్చింది ఆ మూడు నాలుగు వేల మంది. కౌంటింగ్ హాలు నుంచి బయటికొచ్చాక ఎవరి కారెక్కాలో తెలియక నిలబడితే, ఎక్కాల్సింది మీ ఊరి ఆటో.